కరెంటు పోయిన రెండోసారి

పెరంబూరు రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో
ఆ డిసెంబరు రాత్రి కరెంటు రెండుసార్లు పోయింది.
మొదటిసారి అందరూ ఈలలు వేశారు.
రెండోసారి వాళ్లు పాట ఆపలేదు.
నలుగురు. పేరు లాస్ట్ ట్రామ్.
ఒకడికి ఇంకా మీసాలు కూడా రాలేదు.

నాకు పంతొమ్మిది. టికెట్ లేదు.
వంటవాళ్ల తలుపులోంచి దూరి
చంకలో వయొలిన్ పెట్టెతో ముందు వరసలో నిలబడ్డాను.
డ్రమ్ములు మోగుతున్నాయి, గొంతు వస్తోంది,
బేస్ గిటారుకి మాత్రం కరెంటు కావాలి కదా.
ఎవరో కొవ్వొత్తి వెలిగించారు.
గ్లెన్ వేళ్లు మూగ తీగల మీద
ఒక్క స్వరమైనా వదలకుండా
నడుస్తూనే ఉన్నాయి.
నాకు వినపడలేదు. కనిపించింది.

తర్వాతి సంగతి లోకానికి తెలుసు.
క్యాసెట్లు, బర్మా బజారు, పెనాంగ్ దాకా కచేరీలు,
మౌంట్ రోడ్డు మీద మేడంత తలకాయలు,
కాలేజీ కుర్రాళ్ల జుట్టు భుజాల మీదికి దిగడం,
ఆపైన తగాదా, కోర్టు, ఎవరి దారి వాళ్లది.
లోకానికి తెలియంది మా వీధి సంగతి.

చెంగల్రాయుడు బోర్డులు రాసేవాడు.
వాళ్ల పెద్ద డ్రమ్ము తోలు మీద పేరు రాసింది ఇతనే,
పన్నెండు రూపాయలకీ ఒక బిరియానీకీ.
ట్రామ్ కదులుతున్నట్టుండాలి అన్నారట.
ఎదురుగాలిలో నడిచే మనిషిలా
అక్షరాల్ని కాస్త కుడికి వాల్చాడు.
ఇక నిటారుగా రాయడం అతని వల్ల కాలేదు.
సినిమా బ్యానర్లు, పళ్లపొడి ప్రకటనలు, ఎన్నికల గోడలు,
ఆఖరికి శవపేటికల కొట్టు బోర్డు కూడా,
లోపలివాళ్లకి ఏదో తొందరున్నట్టు.
పదేళ్లు పట్నం సగం కుడికి వాలింది.
ఎందుకని ఎవరూ అడగలేదు.
ఫ్లెక్సీలొచ్చాక, కంప్యూటర్లో ఆ వాలుకి ఒక మీట ఉందని తెలిసి
రెండు రోజులు అన్నం ముట్టలేదు.

వాళ్ల చొక్కాలు కుట్టిన రత్నాబాయి గురించి నేను చెప్పక్కర్లేదు.
పెద్ద పెద్ద హీరోలకి కొలతలు తీసుకుంది,
ఇంటర్వ్యూల్లో ఆ చొక్కాల కథ తనే చెబుతుంది,
చెప్పిన ప్రతిసారీ ఒక గుండీ ఎక్కువ.

మా మేనమామ కొడుకు వేదాద్రి
తాతల నాటి పనస మొద్దు మృదంగం అమ్మి
డ్రమ్ సెట్టు కొన్నాడు.
మామ ఆరేళ్లు వాడితో మాట్లాడలేదు.
వాళ్ల డ్రమ్మరుది ఎడమచేతి వాటం.
వీడిది కుడి.
అయినా ఎడమచేత్తోనే వాయించాడు,
అలాగే తల ఊపాడు, అలాగే చూయింగ్ గమ్ నమిలాడు.
బాగా వాయించేవాడు, నిజం చెప్పాలంటే,
ఎవరూ చూడనప్పుడు, కుడిచేత్తో.
ఇప్పటికీ వాన ముందు వాడి ఎడమ మణికట్టు సలుపుతుంది.
నింద ఎవరి మీద వేయను?
వేదాద్రి అనేవాడొకడు ఉన్నాడని
ఆ డ్రమ్మరుకి తెలియనే తెలియదు.

నేను కోడంబాకం చేరాను.
ముప్పయ్యేళ్లు, మూడో వరస వయొలిన్.
మైకు మొదటి వరసకే పెట్టేవారు.
చరణంలో గాయని ఊపిరి తీసుకునే చోట
మేం కాస్త వినిపిస్తామేమోనని
ఇంజనీరు మా మీట కిందికి దించేవాడు.
మా ఆవిడ రేడియో దగ్గర చెవి పెట్టి
ఇందులో మీరెక్కడండీ అనేది.
వేళ్లున్నాయిలే అనేవాణ్ణి.
పన్నెండు మంది పని ఒక్క కీబోర్డు చేసేసిన ఏడాది కూడా
ఆఖరి పాటలో ఆఖరి స్వరం దాకా
కమాను ఎత్తలేదు.

పోయిన నెల పెరంబూరు మందుల షాపులో
గ్లెన్ కనిపించాడు. షుగరు మాత్రలు కొంటున్నాడు.
చెప్పాను. ఆ హాలు, ఆ కొవ్వొత్తి,
నా ముప్పయ్యేళ్లు, అన్నీ ఒక్క గుక్కలో.
చాలాసేపు ఆలోచించాడు.
చీకట్లో ఎక్కడున్నానో తెలియలేదయ్యా,
ఆపితే మళ్లీ అందుకోలేనని భయమేసింది, అన్నాడు,
అరవంలో, సిగ్గుపడుతూ.

షాపువాడు చిల్లర లేదని
రెండు చాక్లెట్లు చేతిలో పెట్టాడు.
గ్లెన్ అటూ ఇటూ చూసి
ఒకటి నోట్లో వేసుకుని
రెండోది నాకిచ్చాడు.